వెండి గిన్నెలో చీటీలు

ఆదివారం ఉదయం. వంటింట్లో కాఫీ గింజలు వేగుతున్నాయి. ఒట్టీలీ ఒక చేత్తో పెనం కదుపుతూ, రెండో చేత్తో కూతురి ముందుకి ఏడు తెల్ల చీటీలు జరిపింది.

"తొందరగా రాసెయ్యవే. పదకొండింటికే కచేరీ."

పదహారేళ్ల సెల్మా కలం పట్టుకుంది కానీ సిరాలో ముంచలేదు.

ఆమె తండ్రి ఎగోన్ వెస్టర్‌మన్ ఎదురైతే డ్రెస్డెన్‌లో టోపీ తియ్యనివాళ్లు లేరు. ఆయన కట్టిన పాటలు ఊళ్లో ప్రతి పియానో మీదా ఉన్నాయి. అయినా జనం ఎగబడేది కచేరీ చివర్లో జరిగే చీటీల ముచ్చట కోసమే. హాలంతా ఒక వెండి గిన్నె తిరుగుతుంది. ఎవరికి తోచిన బాణీ వాళ్లు చీటీ మీద రాసి అందులో వేస్తారు. ఆయన కళ్లు మూసుకుని ఒక చీటీ తీసి, అప్పటికప్పుడు ఆ బాణీని అల్లుకుంటూ అరగంట పియానో వాయిస్తాడు. ముప్పై ఏళ్లుగా అదే పద్ధతి.

రెండు చలికాలాల క్రితం ఆయన చర్చి మెట్ల మీద కుప్పకూలాడు. కోలుకున్నాక వేళ్లు మళ్లీ ఎప్పటిలాగే పరిగెత్తాయి. కానీ అప్పటినుంచి బయటివాళ్ల చీటీ ఒక్కటీ ఆయన చేతికి వెళ్లలేదు. గిన్నె తిప్పే ఒట్టీలీ, వేదిక దగ్గరికి వచ్చేలోపు శాలువా చాటున చీటీలు మార్చేసేది. లోపల ఉండేవన్నీ ఆయనకి బాగా చేతికొచ్చిన పాత బాణీలే. వాటిని ఏడు రకాల చేతిరాతల్లో రాసే పని సెల్మాది. నాన్న వేళ్లు అలిసిపోతాయనే అమ్మ ఆమెకి చెప్పింది.

"నేను రాయనమ్మా."

"ఏం, నీ వేళ్లు అరిగిపోయాయా?"

"ఇది మోసం. ఆయనకి తెలియకుండా ఆయన చేత అబద్ధం వాయిస్తున్నాం."

"ఆహా, పాదిరిగారి పీఠం ఎక్కావా? దిగొచ్చి రాయి."

"నీకు నాన్న మీద నమ్మకం లేదు! ఒక్కసారి నిజం చీటీ ఇచ్చి చూడు."

ఒట్టీలీ చెయ్యి ఆగిపోయింది. "నీకు తెలీదే," అంది మెల్లగా.

పక్క గది నుంచి కేక వినిపించింది. "ఒట్టీలీ! గింజలు మాడ్చి నా ముక్కుకి పరీక్ష పెడుతున్నావా?"

ఒట్టీలీ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. సెల్మా చీటీలు రాసింది. తల్లి బట్టలు మార్చుకోవడానికి వెళ్లగానే వాటిని పొయ్యిలో వేసింది.

కచేరీ చివర్లో గిన్నె హాలంతా తిరిగి వచ్చింది. వేదిక పక్కన ఒట్టీలీ కూతురి వైపు చెయ్యి చాపింది. "ఆ చీటీలు ఇటివ్వు."

"కాల్చేశాను."

ఒట్టీలీ గిన్నె వెనక్కి లాగబోయింది. అప్పటికే ఎగోన్ వంగి గిన్నెలోంచి ఒక చీటీ తీశాడు.

"ఎవరో కొంటెవాడు! మేకపిల్లలా గెంతుతోంది," అన్నాడు. అందరూ నవ్వారు.

మొదటి వరస అద్భుతంగా వాయించాడు. ఆగాడు. చీటీ వంక చూశాడు. మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి వేళ్లు ఆ బాణీ వదిలేసి, పెళ్లైన కొత్తలో ఒట్టీలీ కోసం కట్టిన నది పాటలోకి జారిపోయాయి. పాట చివరిదాకా వచ్చి, ముగియకుండా మళ్లీ మొదలైంది. ఇంకోసారి. మరోసారి. హాల్లో ఎవరో దగ్గారు. ముందు వరసలో ఒకావిడ విసనకర్ర ముఖానికి అడ్డం పెట్టుకుంది. నాలుగోసారి వాయిస్తూ ఆయన, సంతలో తప్పిపోయిన పిల్లాడిలా భార్య కోసం వెతుక్కున్నాడు.

అమ్మ ఇన్నాళ్లూ శాలువా చాటున దాచింది ఏమిటో సెల్మాకి అప్పుడు తెలిసింది. అలిసిపోయింది నాన్న వేళ్లు కాదు, జ్ఞాపకం.

ఆమె వెళ్లి తండ్రి పక్కన కూర్చుంది. కింది స్వరాలు అందుకుని, పాటని మెల్లగా ఒడ్డుకి చేర్చి ముగించింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

"చీటీలో ఉన్నది ఇది కాదు కదూ?" ఆయన గుసగుసగా అడిగాడు.

అబద్ధం వద్దని పొద్దున పోట్లాడిన పిల్ల తండ్రి చెయ్యి పట్టుకుంది. "ఇదే నాన్నా. నేనే రాసి వేశాను."

"అదా సంగతి," అని ఆయన ఊపిరి పీల్చుకున్నాడు.

ఇంటికి వచ్చాక ఒట్టీలీ కూతుర్ని తిట్టకుండా కాఫీ కలిపి ఇచ్చింది. అదే సెల్మా భరించలేకపోయింది. తల్లి ఒళ్లో తల పెట్టి ఏడ్చింది.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెబితే నువ్వూ ఆయన్ని జాలిగా చూస్తావు. ఈ ఇంట్లో ఒక్కరి కళ్లకైనా ఆయన పాత వెస్టర్‌మన్‌లాగే ఉండాలనుకున్నానే."

చప్పట్లు కొట్టారు కానీ, ఆ తర్వాత ఏ హాలూ ఆయన్ని పిలవలేదు. ఆదివారం పదకొండింటికి ఇరుగుపొరుగు వాళ్లే వచ్చి ముందు గదిలో కూర్చునేవారు. ఇప్పుడు ఎవరూ అడగకుండానే సెల్మా ఏడు చీటీల మీదా, ఏడు రాతల్లో, నది పాటే రాస్తుంది.

మొన్న ఆయన ఒక చీటీ తీసి కళ్లు చిట్లించాడు. "ఎవరిదో గానీ ఘోరమైన రాత. మొదటి స్వరం గుర్తు చూడండి, చేపల గాలంలా వంకర! మా సెల్మా ఇలా రాస్తే చేతి మీద ఒకటి వేసేవాణ్ణి."

అందరూ నవ్వారు. వెనక నిలబడ్డ సెల్మా కూడా నవ్వింది. ఆయన కళ్లు మూసుకుని నది పాట మొదలుపెట్టాడు. మూడోసారి మొదటికి వచ్చేలోపు ఆయన పక్కన కూర్చుని పాట ముగించాలని, ఆమె గిన్నె తల్లి చేతికిచ్చి కళ్లు తుడుచుకుంది.