షాంపూ బిళ్ళా, తరవాణి తేటా

పొద్దున్నే నాగదుర్గ వంటింటి గట్టు మీద కూర్చుని తన షాంపూ బిళ్ళలను ఒక్కొక్కటిగా తిరగేస్తోంది. చేటలో కొబ్బరిపీచు పరిచి, దాని మీద వాటిని ఆరబెట్టింది. అడుగున గాలి ఆడకపోతే మెత్తబడి ముద్దయిపోతాయి. సొంత తోటలోని కొబ్బరినూనె, కుంకుడు రసం, మందారాకు పసరు, కొలత ప్రకారం కాస్టిక్ సోడా కలిపి తన చేత్తో పోసిన బిళ్ళలవి. జనవరిలో డ్వాక్రా సంఘం తరఫున అమలాపురం వెళ్ళి, దీనమ్మగారనే ఆవిడ దగ్గర పది రోజులు నేర్చుకుని వచ్చింది.

రాజోలు దగ్గర ఆ ఊళ్ళో నాగదుర్గకు ఒక పేరుంది. ఎవరేం చెప్పినా ముందు "ఎందుకని?" అంటుంది. పాలు ఎందుకు విరిగాయి, ఒక చెట్టు కొబ్బరి తియ్యగానూ పక్క చెట్టుది చప్పగానూ ఎందుకుంటుంది, అన్నీ కావాలి ఆవిడకి. పెళ్ళైన కొత్తలో ఆ ప్రశ్నలకి భర్త ప్రసాద్ ముచ్చటపడ్డాడు. తర్వాత అలిసిపోయాడు. ఇప్పుడు ప్రశ్న మొదలవగానే తోటకి వెళ్ళిపోతున్నాడు.

"అమ్మా! నా నెత్తికేం చేశావే?"

స్నానాల గదిలోంచి వచ్చిన కేకకి బిళ్ళ చేతిలోంచి జారింది. కీర్తి తలకి తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చి, ఆ తువ్వాలు ఊడదీసి తల్లి ముందు నిలబడింది. పదిహేడేళ్ళ పిల్ల, ఇంటర్ పరీక్షలు రాసి ఇంట్లో ఉంది. వీపు సగం దాకా ఉంగరాల జుట్టు. ఆ జుట్టంతా ఇప్పుడు ఒక్క ఉండలా చుట్టుకుపోయింది. ముట్టుకుంటే మైనంలా చేతికంటుకుంటోంది. దువ్వెన పెడితే మధ్యలో ఇరుక్కుని అక్కడే వేలాడింది.

"నిన్నా మొన్నా బాగానే ఉంది కదే!"

"ఏం బాగుంది? నెల్రోజుల్నించీ చిక్కులే. ఇవాళైతే బంక. నీ ప్రయోగాలకి నా తలే దొరికిందా? శనివారం అంతర్వేది గుడికెళ్ళి గుండు చేయించేసుకుంటాను. చిక్కులు పడలేక నాన్నకి రాత్రే చెప్పేశాను కూడా."

"ఆయనేమన్నారు?"

"మొక్కుందని చెబుదాంలే అన్నారు."

అరుగు మీద వత్తులు చేసుకుంటున్న మంగాయమ్మగారు, అంటే నాగదుర్గ అత్తగారు, తల ఎత్తకుండానే అందుకున్నారు.

"ఆడపిల్లకి గుండేంటమ్మా! ఏం చేస్తాం, వాళ్ళ అమ్మమ్మగారి వైపు పోలిక. మా ఇంట్లో ఎవరికుంది ఆ జుట్టు?"

ఈ మాట నాగదుర్గకి కొత్త కాదు. కీర్తి పుట్టిన పదకొండో రోజు నుంచీ వింటోంది. మొదట్లో పుట్టింట్లో అందరి తలలూ గుర్తు చేసుకుని చూసింది. అక్కడ ఒక్కరికీ ఉంగరాల జుట్టు లేదు. ఎందుకని? దానికి మాత్రం ఇంతవరకూ జవాబు దొరకలేదు. జవాబు లేకపోయినా ఆ నింద మోస్తూ, పిల్లకి రోజూ దోసెడు నూనె రాసి, బిగించి రెండు జడలు వేసి స్కూలుకి పంపింది. పిల్ల ఏడుస్తుంటే తనూ లోపల ఏడ్చింది.

ఇప్పుడు ఏడవడానికి తీరిక లేదు. శనివారానికి రెండు రోజులే ఉంది. పిల్ల తల పాడయింది తన చేతి బిళ్ళతోనే. ఎందుకని?

ఒకే బిళ్ళతో ఇంట్లో ఆడవాళ్ళు ముగ్గురూ తలంటుకున్నారు. తనది నిటారుగా ఉండే ఒత్తు జుట్టు, బిళ్ళ పెట్టి కుదుళ్ళ నుంచి కొసల దాకా రుద్దినా ఏమీ కాలేదు. ఇవాళ మాత్రం కాస్త జీవం లేనట్టుంది. స్నానాల గదిలోకి వెళ్ళి చూస్తే బకెట్టు అంచు చుట్టూ తెల్లటి గార కట్టి ఉంది. గోటితో గీకి వాసన చూసింది. తన సబ్బు వాసనే.

అప్పుడు తట్టింది. వేసవి మరమ్మతులకి కాలువలు కట్టేసి నాలుగు రోజులైంది. నిన్నటిదాకా తొట్టిలో పట్టుంచిన కాలువ నీళ్ళు, ఇవాళ బోరు నీళ్ళు.

గబగబా రెండు గ్లాసులు తెచ్చింది. ఒకదాంట్లో తాగే నీళ్ళు, ఒకదాంట్లో బోరు నీళ్ళు పోసి, రెండింట్లోనూ బిళ్ళ కాస్త గీకి వేసి గిలక్కొట్టింది. మంచినీళ్ళ గ్లాసు పైదాకా నురగ పొంగింది. బోరు నీళ్ళ గ్లాసులో విరిగిన పాలలా తరకలు తేలాయి. దీనమ్మగారు నేర్పింది కాలువలు నిండుగా పారే జనవరిలో. బోరు నీళ్ళ సంగతి అక్కడ ఎవరూ అడగలేదు. తనూ అడగలేదు, అన్నీ అడిగే మనిషి!

దొరికిందన్న సంతోషం నిమిషం కూడా నిలవలేదు. అత్తగారు కూడా ఇవాళ ఇదే బిళ్ళతో, ఇదే బోరు నీళ్ళతో తల రుద్దుకున్నారు. ఆవిడ ముడి ఎప్పటిలాగే నున్నగా నిగనిగలాడుతోంది. మరి ఆవిడ తలకెందుకు అంటుకోలేదు?

అరుగు మీదికొచ్చి అదే అడిగింది. "అత్తయ్యగారూ, మీ తలకి బంక పట్టలేదేంటండీ?"

"నా జుట్టెంతుందని? పిలక." మంగాయమ్మగారు వత్తి గట్టిగా నులిమారు.

"రెండుసార్లు రుద్దుకుంటారు కదండీ, నూనె ఎక్కువని. మాకంటే మీకే ఎక్కువ అంటుకోవాలి."

"ఎప్పుడూ ఆ ప్రశ్నలేంటమ్మా నీకు! వెళ్ళి పిల్ల సంగతి చూసుకో."

పిల్ల అప్పటికే కత్తెరతో వసారాలోకి వచ్చేసింది. బట్టలు కత్తిరించే పెద్ద కత్తెర. జుట్టు ఒక పక్కకి లాగి పట్టుకుంది.

"శనివారం దాకా ఎందుకు? ఇప్పుడే కోసేస్తాను."

"కీర్తీ, ఆగు! ఎందుకలా అయిందో దొరికిందే. రెండు గంటలు టైమియ్యి."

"నీకు కారణాలు కావాలి గానీ నేనక్కర్లేదు! చిన్నప్పట్నుంచీ నా జుట్టంటే నీకు సిగ్గే. నూనె రాసి రాసి, లాగి లాగి కట్టేశావు. ఒక్కరోజైనా బాగుందని అన్నావా?"

నాగదుర్గ అనలేదు, నిజమే. నింద తప్పించుకోవడానికి ఆ జుట్టుని దాచడమే చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పదిహేడేళ్ళ మాట ఒక్కసారిగా బయటపడింది.

"నాకు సిగ్గు కాదే, భయం. అత్తయ్యగారూ, మీరే చెప్పండి. మా వైపు పోలిక, మా వైపు పోలిక అంటారు. మా వాళ్ళలో ఎవరికుందండీ ఈ జుట్టు? ఒక్క పేరు చెప్పండి!"

ఎప్పుడూ ఎదురు చెప్పని కోడలు అలా అడిగేసరికి మంగాయమ్మగారు తెల్లబోయారు. కీర్తి కత్తెర నోరు తెరిచింది.

"ఆగవే!" మంగాయమ్మగారి ఒళ్ళోని పత్తి కింద పడింది. "కొయ్యకే తల్లీ. దుర్గా, వంటింట్లో తరవాణి కుండ పట్రా. పైన తేట మట్టుకే చెంబులోకి వంచు."

మంగాయమ్మగారు వేసవి వస్తే గంజి పులియబెట్టి తరవాణి పెట్టుకుంటారు, పొద్దున్నే చద్దన్నంలోకి. అది ఆవిడొక్కరి కుండ. ఇంకెవరూ ముట్టుకోరు.

"తలకి తరవాణి ఏంటండీ?" అలవాటు ఊరుకుంటుందా!

"పులుపు పడితే ఆ తెల్లగార విడిచిపెట్టేస్తుంది. ఏటా బోరు నీళ్ళ రోజుల్లో నేను చేసేదే."

ముగ్గురూ స్నానాల గదిలోకి వెళ్ళారు. కీర్తిని పీట మీద కూర్చోబెట్టి, నాగదుర్గ బిళ్ళ తీసి జుట్టుకి ఆనించబోతే మంగాయమ్మగారు చెయ్యి పట్టుకున్నారు.

"ఉంగరాల జుట్టుకి బిళ్ళ పెట్టి రుద్దకూడదు, చిక్కుపడిపోద్ది. మంచినీళ్ళతో చేతుల్లో నురగ తియ్యి. ఆ నురగ మాడుకే పట్టించు, వేళ్ళ చివర్లతో. కొసలకి జారేది చాలు. దీని తలకి ఒక్కసారి చాలు, దోసెడు నూనె రాయకుండా ఉంటే. తర్వాత తరవాణి తేట పొయ్యి, కాసేపుంచి మంచినీళ్ళతో కడుగు. దువ్వెన తాకనీకు, వేళ్ళతో విడదియ్యి."

తేట పడుతుంటే నాగదుర్గ వేళ్ళకి బంక సడలడం తెలుస్తోంది. ఉండ మెల్లిగా పాయలైంది. పాయలు తడిసిన ఉంగరాలయ్యాయి. కీర్తి చెయ్యి వెనక్కి పెట్టి తడుముకుని, మళ్ళీ తడుముకుంది.

"మామ్మా, ఇదంతా నీకెలా తెలుసు?"

మంగాయమ్మగారు తలుపు దగ్గరగా వేసి, ముడిలోంచి పిన్నులు ఒక్కొక్కటే తీశారు. పొద్దున్న తడిగా బిగించిన ముడి విడిపోయి, ఆవిడ భుజాల మీద, మెడ మీద, చెవుల పక్కన తెల్లటి ఉంగరాలు చుట్టలు చుట్టలుగా జారాయి. కీర్తి నుదుటి దగ్గర తిరిగే మెలికే, అదే వైపుకి, ఆవిడ నుదుటి మీదా తిరిగింది.

"నేను కాపురానికొచ్చిన నాలుగో రోజున మా అత్తగారు ఈ తల చూసేరు. 'ఇది మా ఇంట్లో ఎవరి కంటా పడనివ్వకు' అన్నారు. ఆవాళ బిగించిన ముడమ్మా. తడి మీదే నూనె రాసి చుట్టేసేదాన్ని. మీ మామయ్యగారికి కూడా చూపించలేదు." ఆవిడ నాగదుర్గ వైపు తిరిగారు. "కీర్తి పుట్టినప్పుడు ఆ ఉంగరాలు చూసి నా గుండె జారిపోయింది. నాదని చెప్పడానికి నోరు రాలేదు. నీ మీదికి తోసేశాను. నువ్వు మోస్తుంటే చూస్తూ కూర్చున్నాను."

నాగదుర్గకి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ తెల్లటి ఆ తల చూస్తూ, నలభై ఏళ్ళకి పైగా ప్రతి స్నానానికీ తలుపు గడియ వేసుకున్న మనిషిని తలుచుకుంటే ఆ కోపం గొంతు దాటలేదు. ఎందుకని చెప్పలేదని అడగలేదు. జీవితంలో మొదటిసారి ఆవిడ ఆ మాట మింగేసింది. చెంబులో మిగిలిన తేట పీట పక్కన పెట్టి, అత్తగారి చెయ్యి పట్టుకుంది.

కీర్తి లేచి మామ్మ జుట్టులోని ఉంగరం ఒకటి వేలికి చుట్టుకుంది. లాగితే సాగింది, వదిలితే చుట్టుకుంది. పిల్ల ఏడుస్తూనే నవ్వింది.

"మామ్మా, ఎంత బాగుందో తెలుసా!"

ఆ మాటకి మంగాయమ్మగారు చీర చెంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

మధ్యాహ్నం ప్రసాద్ తోట నుంచి వచ్చేసరికి వీధి అరుగు మీద వీపులు ఇటు తిప్పి ఇద్దరు కూర్చుని జుట్టు ఆరబెట్టుకుంటున్నారు. ఒకరివి నల్లటి ఉంగరాలు, ఒకరివి తెల్లటి ఉంగరాలు. ఎవరో చుట్టాలావిడ వచ్చారనుకుని అతను గుమ్మం అవతలే చెప్పులు విడిచి, గొంతు తగ్గించి కూతుర్ని పిలిచాడు.

"కీర్తీ, మామ్మ ఏదే? ఎవరొచ్చేరు?"

తెల్లటి ఉంగరాల మనిషి మెల్లిగా వెనక్కి తిరిగింది.

"నేనేరా ప్రసాదూ," అన్నారు మంగాయమ్మగారు.