క్యాచర్ కోసం ఆగిన బస్సు

షికాగో విమానాశ్రయం పక్కనున్న పెద్ద హాల్లో ఏటా వేసవిలో పాత ఆటగాళ్ళ కార్డుల సంబరం జరుగుతుంది. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా బల్లలే. ఒకప్పుడు బబుల్‌గమ్ పొట్లాల్లో వచ్చిన బేస్‌బాల్ ఆటగాళ్ళ బొమ్మలున్న కార్డుల కోసం తలలు నెరిసినవాళ్ళు పిల్లల్లా ఎగబడతారు. మా నాన్న కాజిమిర్ వయసులో ఉండగా ఓ చిన్న ఊరి బేస్‌బాల్ జట్టుకి క్యాచర్, అంటే బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడు. ఆనాటి తన కార్డు తెచ్చినవాళ్ళకి సంతకం పెట్టివ్వడానికి వచ్చాడు. తోడుగా నేను, వాండాని.

ఆ జట్టులో మిగిలింది నాన్న ఒక్కడే. పక్క ఊరికి ఆటకి వెళుతుంటే వాళ్ళ బస్సు వంతెన మీంచి నదిలో పడింది. ఆ ఉదయం అమ్మకి నొప్పులొచ్చాయని నాన్న బస్సెక్కలేదు. పుట్టింది నేనే.

ఆఖరి రోజు మధ్యాహ్నం. జనం పలచబడుతున్నారు. ముందు వాసన వచ్చింది. నది బురదా డీజిలూ కలిసిన వాసన. తర్వాత మా వరసలో దీపాలు మసకబారాయి... ఎక్కడో నీటి బొట్లు పడుతున్న చప్పుడు.

బల్ల ముందు ఓ కుర్రాడు నిలబడ్డాడు. ఒంటి మీద పాతకాలపు ఉన్ని యూనిఫాం. వేషం వేసుకొచ్చాడనుకున్నాను, ఇక్కడ అది మామూలే. కానీ ఆ బట్టలు తడిసి ఒంటికి అతుక్కున్నాయి. కాళ్ళ కింద నేల మాత్రం పొడిగా ఉంది.

నాన్న చేతిలో పెన్ను ఆగిపోయింది.

"లైల్," అన్నాడు. ఆ బస్సులో చనిపోయిన పిచర్ పేరది, నాన్నకి బంతులు విసిరినవాడు.

వాడు జేబులోంచి తడి కార్డులు తీసి బల్ల మీద పరిచాడు. అన్నీ ఆ జట్టువాళ్ళవే. మధ్యలో ఒక్క చోటు ఖాళీగా ఉంచాడు.

"బస్సు ఆగి ఉందిరా కాజ్..." గుసగుసగా అన్నాడు. "నీ కోసమే."

నాన్న లేవబోయాడు. నేను ఆయన భుజం పట్టి కూర్చోబెట్టాను. మా నాన్న రాడని చెప్పాను. ఆదివారం పియరోగీ కుడుములు చేస్తున్నానని, ఆయన తినాలని చెప్పాను. అంతకన్నా మంచి మాట నోటికి రాలేదు.

నాన్నకి నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే తలెత్తి వాడి కళ్ళలోకి చూశాడు.

"ఒరేయ్ లైల్, మీ కోసం ఏడ్చాను. ఇప్పటికీ ఏడుస్తాను. కానీ క్షమించమని మాత్రం అడగను. ఆ రోజు నా కూతుర్ని ఎత్తుకున్నాను. అది తప్పు కాదు. నేను రాను. పొండి."

లైల్ నాన్నని వదిలేసి నా వైపు తిరిగాడు. ఆ కళ్ళు రెప్ప వేయలేదు.

"క్యాచర్ లేకపోతే ఎలారా మరి..." అన్నాడు నాన్నతో మెల్లగా, నన్నే చూస్తూ.

దీపాలు వెలిగాయి. ఎవరూ లేరు. కార్డులు మాత్రం బల్ల మీదే ఉన్నాయి... మధ్యలో ఖాళీ లేదు.

అక్కడున్న కార్డు మీద పేరు లేదు. మొహానికి ఇనుప జాలీ కట్టుకుని, చేతులు చాచి కూర్చున్న క్యాచర్. టోపీ కింద నుంచి భుజం మీదికి ఓ పొడవాటి జడ.

ఆ జట్టులో ఆడవాళ్ళు లేరు.

ఆ కార్డు చూసినప్పట్నుంచీ నా జడ కత్తిరించేసుకోమని నాన్న రోజూ బతిమాలుతున్నాడు. ఆ రోజు పుట్టడం నా తప్పు కాదు. నేను కత్తిరించుకోలేదు.