దిద్దిన నిలుపులు

ఏడో గూటిలోంచి వచ్చిన లోచొక్కా మడత విప్పి, నూకరత్నం చేతి వెనక భాగంతో తడిమి చూసింది. పొడిగానే ఉంది. దాని మీదికి ఒక వానకోటు, పలుచని చేతితొడుగులు వచ్చాయి. అంతే. ఉన్ని గూడు తలుపు తెరుచుకోలేదు.

"రెండు పొరలు," అంది గోడలోని గొంతు. "బయట ఏడు డిగ్రీలు. వాన నాలుగో మెట్టు. సైకిల్ తొక్కుడు వేడి చాలును."

"అత్తగారు ఇవాళా ఉన్ని పెట్టనేదేటి?" అన్నాడు వరసలో రెండో మనిషి దాలినాయుడు. అతనికి యాభై అయిదేళ్ళు, మోకాళ్ళకు పట్టీలు. "కొత్త కోడలికి నెయ్యి వడ్డించినట్టే. గరిట తగుల్తాది, నెయ్యి పడదు."

వెనక నలుగురు నవ్వారు. గోడలోంచి మాట్లాడే కొలమానినిని వాళ్ళంతా అత్తగారనే అంటారు. నూకరత్నం మాత్రం నవ్వలేదు.

మబ్బు కొండల మీదికి దిగి కదలడం మానేసిన ఏడాది నుంచీ మందులు మోసే ఎగిరే పెట్టెలు రావడం లేదు. మోటారు బళ్ళకు దారి మిగల్లేదు. పై ఊళ్ళకు మందులు చేరాలంటే ఈ నలభై సైకిళ్ళే దిక్కు. పొర ఎక్కువైతే ఎక్కుడులో చెమటకు లోపల్నించి తడుస్తారు. పొర తక్కువైతే దిగుడులో గాలికి బిగుసుకుపోతారు. ఆ రెంటి మధ్య గీత మనిషి కంటికి అందదని ఉడుపుల గదిలో కొలమానినిని పెట్టారు. గూళ్ళలోంచి వచ్చినవి చూసి, మడిచి అందించడం నూకరత్నం పని.

వరసలో మొదటి పిల్ల కుసుమ. ఇరవై రెండేళ్ళు. పన్నెండో దారిలో ఇవాళే మొదటి రోజు. మూడు రోజుల కిందటి వరకూ ఆ దారి ఆమె అక్క మంగవేణిది. దారికి అడ్డంగా పారే గెడ్డ పొంగితే నీళ్ళు తగ్గేదాకా మంగవేణి నలభై నిమిషాలు ఒడ్డున నిలబడింది. తొక్కుతున్నప్పుడు పట్టిన చెమట ఆ నలభై నిమిషాల్లో మంచునీళ్ళయింది. తర్వాత దిగుడులో వేళ్ళు కొయ్యబారి బ్రేకు నొక్కలేకపోయింది. తుంటి విరిగింది. నడుస్తుందట గానీ, ఇక తొక్కలేదట.

ఆ రోజు ఆమెకిచ్చిన ఉడుపు కూడా ఇదే. లోచొక్కా, కోటు, పలుచని తొడుగులు. మడిచి ఇచ్చింది నూకరత్నమే.

కుసుమ చొక్కా అందుకుంటూ కొంచెం ముందుకు వంగింది. "నిన్న అక్క మాటాడింది పిన్నీ. నీకు చెప్పమంది. ఇన్నాళ్ళూ నువ్వు దిద్దబట్టే దారి తన చేతిలో నిలబడిందట. నీ రుణం తీర్చుకోలేనంది. నన్నూ అలాగే చూసుకో, ఏం?"

నూకరత్నం చేతిలోని తొడుగు జారి బల్ల మీద పడింది.

నిజమే, దిద్దింది. సైకిల్ ఎక్కడ ఎంతసేపు ఆగిందో చక్రమే రాసుకుంటుంది. దాన్ని నిలుపు అంటారు. రోజుకు పది నిమిషాలు హద్దు. నెలలో మూడుసార్లు దాటితే దారి ఇంకొకరికి పోతుంది. ప్రతి సాయంత్రం ఆ నిలుపులు నూకరత్నం ముందుకు వస్తాయి, గడియారం తప్పు పోయిందేమో చూడమని. ఆరేళ్ళ కిందట దాలినాయుడు ఒక ముసలమ్మకు మందు కలిపి పట్టించి, ఆమెకు నిద్ర పట్టేదాకా కూర్చున్నాడు. ముప్ఫై అయిదు నిమిషాలు. పాపం అనిపించి 'గడియారం తప్పు' అని నొక్కి, ఎనిమిది చేసింది. మర్నాడు ఇంకొకరు బతిమాలారు. కొన్నాళ్ళకు ఎవరూ అడగాల్సిన పని లేకుండానే పోయింది. పులుసులో ఉప్పు వేసినంత మామూలుగా దిద్దేది. ఆ సాయంత్రాలు ఇంటికి వెళ్తుంటే మనసు తేలిగ్గా ఉండేది. తనవల్ల నలుగురు బతుకుతున్నారనుకునేది.

కొలమానిని నేర్చుకునేది ఆ అంకెల నుంచేనని ఈ మూడు రోజుల్లోనే ఆమె తలకెక్కింది. దాని లెక్కలో ఈ కొండల మీద ఎవరూ ఎక్కడా ఆగరు. ఆగని ఒళ్ళు చల్లారదు. చల్లారని ఒంటికి ఉన్ని దేనికి? ఏటా ఒక్కో పొర తగ్గిస్తూ వచ్చింది. తగ్గుతున్న సంగతి రోజూ మడతలు పెట్టే చేతులకు తెలుసు. ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

ఆమె తన స్వెట్టరు విప్పి కుసుమ కట్టలోకి దూర్చింది. కుసుమ కట్టతో వెళ్తే గుమ్మం దగ్గరి అడ్డకమ్మీ లేవలేదు.

"మూడు వందల గ్రాములు అదనం," అంది గోడ. "కట్ట విప్పండి."

కుసుమ సిగ్గుపడుతూ స్వెట్టరు తెచ్చి ఇచ్చేసింది. "వద్దులే పిన్నీ. నాకు చలి తక్కువ."

దాలినాయుడు బల్ల మీదికి వంగాడు. ఈసారి గొంతులో వేళాకోళం లేదు. "రత్నమ్మా, నువ్వేటి అనుకుంటన్నావో నాకు తెలుస్తంది. చెప్పీకు. నా నిలుపులు బయటపడితే రేపు నాకు బండుండదు. ఈ వయసులో నన్నెవుడు పెట్టుకుంటాడు? ఇక్కడున్నోళ్ళందరం అంతే."

"ఆ గుంటని, కుసుమని చూడు నాయుడన్నా."

"చూసినాను. జాగర్తగా ఎల్తాది."

"దాని అక్కకి జాగర్త తక్కువైందేటి?"

దాలినాయుడు మోకాలి పట్టీ సర్దుకున్నాడు, అది సరిగానే ఉన్నా.

నూకరత్నం అరచేతిని గోడలోని పలక మీద ఆనించింది.

"ఆరేళ్ళుగా నిలుపులు నేను తగ్గించినాను. గడియారం తప్పని నొక్కినవన్నీ అబద్ధం."

"ఏయే రోజులవి?" అంది గోడ.

"అన్నీ."

గూళ్ళ మీద దీపాలు వరసగా ఆరిపోయాయి. "నిలుపు కొలతలు చెల్లవు. ఉడుపు లెక్క లేదు. బయలుదేరుట ఆపబడింది."

వరస చెదిరిపోయింది. "మా నోటికాడి కూడు తీసీసినావు గదే!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. నూకరత్నం అగ్నిప్రమాదం పెట్టె మీది అద్దం బద్దలుకొట్టి, చేత్తో తెరిచే తాళంచెవి తీసింది. మొదట అడ్డకమ్మీని విడదీసింది. తర్వాత ఉన్ని గూడు తెరిచింది. నాఫ్తలీన్ వాసన గదంతా వ్యాపించింది.

"మందులు పోవాలి గదా," అంది. "ఎవరి ఒంటికి ఏది కావాలో వాళ్ళే తీసుకోండి."

ఎవరూ కదల్లేదు. తమ ఉడుపు తాము ఎంచుకుని ఏళ్ళయిపోయింది. కుసుమ అయితే ఎన్నడూ ఎంచుకోనే లేదు.

"నాకెన్ని కావాలో నాకేటి తెలుసు పిన్నీ?"

"ఎక్కడెక్కడ ఆగుతావో చెప్పు."

కుసుమ భయంభయంగా గోడ వైపు చూసింది. "గెడ్డ కాడ. నీళ్ళుంటే అరగంట."

నూకరత్నం ఇంకో పొడి లోచొక్కా తీసి, తడవకుండా సంచిలో చుట్టింది. "అక్కడ ఆగీసరికి తడిది విప్పీసి ఇది తొడుక్కో. సిగ్గుపడకు. ఇంకా?"

"పైన చూపులేని తాతున్నాడట. సీసా మీద రాసింది చదివి చెప్పాలట. పావుగంట."

చేతుల్లేని ఉన్ని బనీను వచ్చింది. "ఎక్కుడులో ఇది తొడక్కు. ఆగినప్పుడే. దిగీముందు ఈ లావు తొడుగులు. వేళ్ళు మెదిపి చూసుకుని మరీ దిగు."

కుసుమ తొడుగులు వేసుకుని వేళ్ళు ముడిచింది, తెరిచింది. అలా ముడుస్తూ తెరుస్తూ ఆగిపోయింది.

"అక్కనీ ఇలాగే అడిగుంటే..." అంది.

నూకరత్నం తల ఎత్తలేకపోయింది. "అడగాల్సింది," అంది.

కుసుమ కట్ట అందుకుంది. పిన్నీ అని మరి పిలవలేదు. వెళ్తున్నానని చెప్పలేదు. సైకిల్ నడిపించుకుంటూ వానలోకి వెళ్ళిపోయింది.

"పన్నెండో దారి," అంది గోడ. "నిలుపు చెప్పండి."

"నలభై అయిదు నిమిషాలు."

"హద్దు పది."

"తెలుసు. రాసుకో."

బల్ల అవతల నీడ పడింది. దాలినాయుడు. ఆమె ముఖం వైపు చూడకుండా, ఉన్ని గూటి వైపు చూస్తూ నిలబడ్డాడు.

"నాది గంట పైనే," అన్నాడు.