పన్నెండో చీటీ

ఆ ఇంట్లో తెల్లవారితే రెండు మోతలు. ముందుగదిలో టైలరుగారి కుట్టుమిషన్, వంటింట్లో ఆయన భార్య నర్సమ్మ వల్లించే పాఠం. డచ్ మాట్లాడే దేశంలో ఆమెకు ఆసుపత్రి ఉద్యోగం ఖాయమైంది. ఆ మధ్యాహ్నం భాషా పరీక్ష గట్టెక్కితే రెండేళ్లు అక్కడే. భర్త వెళ్లమనలేదు, వద్దనలేదు. సూదిలా గుచ్చుకునేది అదే.

"'నీట్' అంటే కాదు," అని వల్లించిందామె.

"ముప్పై ఏళ్లుగా నీట్‌గా కుడుతున్నాను. ఇప్పుడు కాదంటే ఎలాగే?"

"'యాస్' అంటే కోటు. కోటు పెద్దది అంటే 'ఖ్రోట్'. పెద్ద కోటు అంటే 'ఖ్రోటె యాస్'. కోటుకి ముందొస్తే ఆ మాటకి తోకొస్తుంది."

"తోకేమిటి, అంచు దింపారను! మా పనే."

నవ్వు ఆపుకుంటూ ఆమె చీటీల కోసం వెతికింది. కాదు, లేదు దగ్గరే తడబడుతోందని ఆ వాక్యాలు పన్నెండు చీటీల మీద రాసుకుంది. చీటీలు ఆయన కొలతల డబ్బాలోవే, రాసి మళ్లీ అందులోనే పెట్టింది. డబ్బా ఖాళీ.

"ఏమండీ, నా చీటీలేవి?"

మిషన్ ఆగింది. "పొద్దున ఇచ్చొచ్చిన కోట్లకి... కొలతలు రాసి గుచ్చేశానే. వెనక చూళ్లేదు."

"చూడలేదా, చూసే చేశారా? నేను పరీక్ష తప్పితే మీకు పండగేగా!"

ఆయన సైకిలు తీసుకుని వెళ్లిపోయాడు.

రెండు గంటల తర్వాత చెమటలు కక్కుతూ వచ్చి పదకొండు చీటీలు బల్లమీద పెట్టాడు. "పన్నెండో కోటాయన రైలెక్కేశాడట."

మిషన్ మీది నల్లగుడ్డ లాగి, సుద్దతో తెలుగు అక్షరాల్లో రాశాడు: 'ఇక్ బెన్ నీట్ అల్లేన్'. నేను ఒంటరిని కాదు. సరిగ్గా ఆ పోయిన పన్నెండో చీటీలోదే.

నర్సమ్మ నిలబడిపోయింది. "మీకెలా వచ్చు?"

"తొక్కేది కాళ్లతోనే, చెవులు ఖాళీయేగా. నువ్వెళ్లాక ఫోన్లో నాకు పాఠం అప్పజెబితే తప్పులు పట్టేవాడుండాలి కదా."

"మరి వెళ్లమని ఒక్కమాట అనొచ్చుగా!"

"అంటే నిజంగానే వెళ్లిపోతావని..."

ఆమె కళ్లు తుడుచుకుని గుడ్డకేసి చూసింది. "ఎవరిదో గుడ్డ మీద గీసేశారు!"

"నీదే. అక్కడ చలి ఎక్కువట. లోపల స్వెటర్ పట్టేలా కాస్త పెద్దగా కుడుతున్నా."

నెల్లాళ్లుగా పాఠం వింటూ ఆయన కుడుతున్నది ఎవరి కోటో ఆమెకప్పుడు తెలిసింది. గీత చెరపబోయిన ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఉండనివ్వండి. పరీక్షయ్యాక దులుపుదాం."