వెనక గది అమ్మాయి

వచ్చినావిడ కుర్చీ అంచున కూర్చుని, తలుపు గడియ పడిందో లేదో వెనక్కి తిరిగి చూసుకుంది. అరవై దాటిన మనిషి. బడిలో పాఠాలు చెప్పి రిటైరయింది. ఆవిడ మాట వీధి చివరికి వినిపిస్తుందని పేరు. ఆ ఉదయం మాత్రం ఎదురుగా ఉన్నవాళ్ళకే సరిగా వినిపించలేదు.

"మాలో ఒకరు ఆ పిల్లని చంపించారండీ."

డిటెక్టివ్ మంచినీళ్ళ గ్లాసు ఆవిడ వైపు జరిపింది. డిటెక్టివ్ ఆడమనిషని చూసి, కొత్తగా వచ్చినవాళ్ళు బయటికి వెళ్ళి బోర్డు ఇంకోసారి చదువుకోవడం మామూలే. సహాయకుడు స్వయానా ఆవిడ మరిది. వాచీలు బాగుచేసే కొట్టు మూసేసి వదిన వెంట తిరుగుతున్నాడు. వదిన తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉందనుకునే రకం.

"మొదట్నించీ చెప్పండి," అంది డిటెక్టివ్.

టీచరు చెప్పింది. వాళ్ళ మహిళా సంఘానికి ఇస్త్రీ షాపు పైన ఒక హాలు ఉంది. కుట్టుపని నేర్పుతారు, చదువురాని ఆడవాళ్ళకి సాయంత్రాలు అక్షరాలు దిద్దిస్తారు, జబ్బుపడ్డవాళ్ళని చూడటానికి వంతులేసుకుని వెళ్తారు. ఆ హాలు వెనక చిన్న గది. మొగుడి దెబ్బలకి పారిపోయి వచ్చిన ఒక అమ్మాయిని కొన్ని నెలలుగా అందులో దాచారు. పుట్టింటివాళ్ళు తలుపు తీయలేదు. ఆమె అక్కడుందని తెలిసింది ముగ్గురికే: టీచరు, నర్సమ్మ, కుట్టు నేర్పే టైలరక్క.

"సోమవారం పొద్దున తలుపు తీసేసరికి..." టీచరు ఆగింది. "దాని మొగుడు ఇస్త్రీ పెట్టెతో తల మీద కొట్టాడు. వాణ్ణి బస్టాండులో పట్టుకున్నారు. కాళ్ళకి చెప్పులైనా లేవట. నేరం ఒప్పుకున్నాడు, ఇంకేం అడిగినా నోరు విప్పడం లేదు. పోలీసులకి ఆ ఒప్పుకోలు చాలు. మాకు చాలదు. ఆదివారం మధ్యాహ్నం మా హాలు ఫోన్ నుంచే వాడికి కాల్ వెళ్ళిందట. ఆదివారం హాలుకి తాళం. తాళంచెవులు మా ముగ్గురి దగ్గరే ఉన్నాయి."

"ఆ అమ్మాయే చేసి ఉండొచ్చు కదా?" అన్నాడు మరిది.

"దానికి అంకెలు కూడా రావు నాయనా. పుట్టింటికి ఫోన్ చేయాలంటే నంబరు నోటితో చెప్పి మా చేత నొక్కించుకునేది. పైగా వాడి పేరెత్తితే వణికిపోయేది." టీచరు గ్లాసు ముట్టుకోలేదు. "ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నిన్న నర్సమ్మ టీ ఇస్తే తాగలేక పారబోశాను. ముప్పై ఏళ్ళ స్నేహం మాది. ఎవరు చెప్పారో తేల్చండి. లేకపోతే ఇంక ఒకరి మొహం ఒకరం చూసుకోలేం."

*

హాలు మెట్ల కిందే ఇస్త్రీ షాపు. పైకి వెళ్ళాలంటే ఇస్త్రీ చేసే అతని బల్ల పక్కనుంచే వెళ్ళాలి.

"ఆదివారం పైకెవరైనా వెళ్ళారా?" అడిగింది డిటెక్టివ్.

"ఒక్కరూ ఎక్కలేదమ్మా. పెళ్ళివాళ్ళ బట్టలొచ్చాయి, అన్నం కూడా ఈ బల్ల దగ్గరే తిన్నాను."

టీచరు పెదవి విరిచింది. "నిలబడే కునుకు తీస్తాడండీ ఇతను. ఇతని మాట పట్టుకుంటే అంతే సంగతులు."

హాల్లోకి అడుగుపెట్టగానే ఎదురుగోడకి నల్లబల్ల ఉంది. సంఘం వార్తలు ప్రతి శనివారం దాని మీద టీచరే రాస్తుంది. అచ్చు వేసినట్టుండే ఆ అక్షరాలు ఇంకా చెరపలేదు. కుట్టు క్లాసులో కొత్తవాళ్ళని చేర్చుకుంటున్నారు. మూల ఇంటి ముసలావిడకి ఆపరేషన్ బాగా జరిగింది. వెనక గది ఖాళీ అవుతోంది, వచ్చే నెల నుంచి అక్కడ లైబ్రరీ, ఇంట్లో పాత పుస్తకాలుంటే తెచ్చి ఇవ్వండి.

"గది ఖాళీ అవుతోందా?"

"అవునండీ. పిల్లని ఇక్కడెంత కాలం దాస్తాం? నర్సమ్మ చెల్లెలు వేరే ఊళ్ళో ఉంది. ఆవిడ ఇంట్లో చోటు, బట్టల ఫ్యాక్టరీలో పని కూడా చూశాం. ఇంకో వారం ఆగితే గండం గట్టెక్కేది." టీచరు కళ్ళు తుడుచుకుంది. "సుద్దముక్కలు కూడా మిగలనివ్వరు వీళ్ళు. పెట్టె తెరిచినప్పుడల్లా ఖాళీయే."

హాలుకీ వెనక గదికీ మధ్య చెక్క అడ్డుగోడ, దానికో తలుపు. గడియ గది వైపు ఉంది. గదిలో మంచం, కుట్టుమిషను, స్టవ్వు. పోలీసులు నేల కడిగించారు గానీ మిగతాదేదీ కదపలేదు. స్టవ్వు పక్కన రెండు టీ గ్లాసులు. ఒకటి ఖాళీ. రెండోదానిలో టీ మీగడ కట్టి ఎండిపోయింది. మంచం కింద సంచి ఉంది. బట్టలు మడతపెట్టి సర్దినవి, పైన సూదుల డబ్బా. పెరటి మెట్ల వైపు తలుపు గడియ ఎక్కడా వంగలేదు, విరగలేదు. ఆ తలుపు బయట ఒక మగవాడి చెప్పులు, పక్కపక్కనే విడిచి ఉన్నాయి.

డిటెక్టివ్ అడ్డుగోడ దగ్గర నేల మీద చతికిలబడింది. మరిది కూడా గబగబా కూర్చున్నాడు. కూర్చున్న మనిషి చెయ్యి అందేంత మేర, ఆ చెక్క మీద తెల్లటి మరకలు ఉన్నాయి. రాసి, తుడిచి, మళ్ళీ రాసి తుడిచినట్టు.

"ఈ గోడకి అవతల ఏముంటుంది?"

"నా చదువు క్లాసు," అంది టీచరు.

*

నర్సమ్మ డ్యూటీ మధ్యలో, ఆసుపత్రి వరండాలో నిలబడే మాట్లాడింది. పొడవాటి మనిషి, మాట కరుకు.

"ఆదివారం ఇంట్లో పడి నిద్రపోయాను. సాక్ష్యం కావాలంటే నా దిండుని అడగండి."

"అమ్మాయిని పంపించేస్తున్న సంగతి ఆమెతో మాట్లాడారా?"

"నేనా? రోజంతా దాని పక్కన కూర్చునేది టైలరక్క. నాది పరుగుల బతుకు." ఆవిడ గోడ గడియారం చూసింది. "ఎవరు చెప్పారో నాకు తెలుసు అనుకోవాలనుంది. ఆ టైలరమ్మకి నోట్లో నువ్వుగింజ నానదు. కానీ ఆ పిల్ల గాయాలు నేను కట్టాను. అవి చూసినవాళ్ళెవరైనా వాడికి కబురు చేస్తారా? అదే అర్థం కావడం లేదు."

టైలరక్క ఇంట్లో ముందుగది నిండా కత్తిరించిన గుడ్డలే. మనిషి ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయి ఉంది. అయినా వచ్చినవాళ్ళకి కుర్చీల మీది గుడ్డలు తీసి చోటు చేసింది.

"బంగారం లాంటి చెయ్యండీ దానిది. నేను కత్తిరించి ఇస్తే చాలు, నా కంటే నున్నగా కుట్టేది. కొలతలు మాత్రం నేనే చెప్పాలి. చదువు లేదుగా. నాకూ అక్షరాలు నేర్పించండి అని టీచరు గారిని అడిగింది కూడా. క్లాసులో నలుగురి కంటా పడితే ప్రమాదం కదా, ముందు కుదుటపడు, తర్వాత చూద్దాం అన్నారావిడ."

డిటెక్టివ్ వెనక గది నుంచి తెచ్చిన గుడ్డముక్కలు ఒళ్ళో పరిచింది. లోపలివైపు సుద్దతో వంకర అక్షరాలు ఉన్నాయి. ఒకదాని మీద 'ముదు', ఇంకోదాని మీద 'సచి', పక్కన అంకెలు.

"ఇవి మీరు రాసినవేనా?"

"ముందు, సంచి... సున్నాలెక్కడ పోయాయి? నేనైతే నీలం పెన్సిల్‌తో రాస్తానండీ. క్లాసు వాళ్ళెవరో రాసుంటారు."

"ఆమె ఊరు మారబోతోందని మీరు ఆమెకి చెప్పారా?"

"అయ్యో, అది టీచరు గారు చెప్పాల్సిన మాట. అధ్యక్షురాలు ఆవిడ. నేను ముందే నోరుజారితే బాగుంటుందా?"

బయటికొచ్చాక మరిది ఆగలేకపోయాడు. "వదినా, ఈవిడే కదూ? మరీ ఎక్కువ ఏడ్చింది."

డిటెక్టివ్ గుడ్డముక్కల్ని మడిచి సంచిలో పెట్టుకుంది. తర్వాత, "ఈ కేసు తీసుకోకుండా ఉంటే బాగుండేదిరా," అంది. వదిన నోటివెంట ఆ మాట అతను ఎప్పుడూ వినలేదు.

*

మర్నాడు మధ్యాహ్నం ముగ్గురూ హాల్లో కూర్చున్నారు. కుర్చీలు దగ్గరగా వేసి ఉంటే, ఎవరికి వారు దూరం జరుపుకున్నారు. మరిది తలుపు దగ్గర నిలబడ్డాడు.

"వాడు పెరటి మెట్లు ఎక్కి వచ్చాడు," అని మొదలుపెట్టింది డిటెక్టివ్. "చెప్పులు బయట విడిచాడు. చంపాలని వచ్చినవాడు చెప్పులు విడిచి లోపలికి రాడు. తలుపు పగలగొట్టలేదు, లోపలినుంచి గడియ తీశారు. లోపల అతనికి టీ పెట్టారు. సంచి సర్ది ఉంది. ప్రాణభయంతో సర్దిన సంచి కాదు, మడతలన్నీ పొందిగ్గా ఉన్నాయి. అతను వస్తాడని ఆమెకి తెలుసు."

"అతను మారాడని ఎవరో నమ్మించి ఉంటారు!" అంది టైలరక్క.

"ఆదివారం ఈ మెట్లు ఎవరూ ఎక్కలేదు. కింద ఆయనకి పెళ్ళిబట్టల మధ్య కునుకు తీసే వీలు లేదు. ఈ హాలుకి బయట తాళం, వెనక గదికి లోపల గడియ. ఫోన్ చేసిన మనిషి బయటినుంచి రాలేదు, ముందే లోపల ఉంది."

"దానికి అంకెలే రావంటుంటే..." నర్సమ్మ విసుక్కుంది.

డిటెక్టివ్ గుడ్డముక్కల్ని టీచరు ఒళ్ళో పెట్టింది. "కొత్తగా నేర్చుకునేవాళ్ళు దేన్ని మర్చిపోతారు టీచరు గారూ?"

టీచరు ఆ అక్షరాలని చూసింది. వేలితో ఒకదాని మీద దిద్దబోయి ఆగింది. "సున్నాని," అంది మెల్లగా. "అందరూ మొదట సున్నాని మర్చిపోతారు."

"ఆ గోడకి ఇవతల మీరు పాఠం చెప్తుంటే, అవతల ఒక మనిషి నేల మీద కూర్చుని విన్నది. గడియ వేసిన తలుపు సందులోంచి నల్లబల్ల చూస్తూ, చెక్క మీద రాసుకుని తుడిచేసుకుంది. మీ సుద్దముక్కలు అలా అయిపోయాయి. చదవడం వచ్చింది, అంకెలూ వచ్చాయి. మీకెందుకు చెప్పలేదో నాకు తెలీదు. ఇంకా సరిగ్గా వచ్చాక చెబుదామనుకుందేమో."

టైలరక్క ఒక గుడ్డముక్కని చేతిలోకి తీసుకుంది.

"మీరంతా వెళ్ళాక హాలు ఊడ్చేది ఆమే కదా. శనివారం సాయంత్రం కూడా ఊడ్చింది. అప్పుడు ఆ బల్ల చదివింది."

మూడు తలలూ నల్లబల్ల వైపు తిరిగాయి.

"వెనక గది ఖాళీ అవుతోంది," అని చదివింది డిటెక్టివ్, స్వరం ఎత్తకుండా. "ఆమె చదివింది ఇంతే. ఎక్కడికి పంపుతున్నారో దాని మీద లేదు. చెల్లెలి ఇల్లు లేదు, ఫ్యాక్టరీ లేదు. తనకి ఒక్క మాట చెప్పకుండా, ఊరందరికీ తెలిసేలా రాశారు. పుట్టింటివాళ్ళ లాగే మీరూ తలుపు వేస్తున్నారనుకుంది. ఒక రాత్రీ ఒక పూటా ఆలోచించి ఉంటుంది. తర్వాత తనకి మిగిలిన ఒక్క నంబరుకి ఫోన్ చేసింది. టీ ముందు ఏ మాట పెరిగిందో, అతని చెయ్యి ఎందుకు లేచిందో నేను చెప్పలేను. బహుశా దానికి పెద్ద కారణం కూడా అక్కర్లేదు."

"నర్సమ్మా, నువ్వు చెప్పలేదూ?" టీచరు పక్కకి తిరిగింది. "మీ చెల్లెలి ఇల్లు కదా, నువ్వే చెప్తావని..."

"టైలరక్క చెప్తుందని నేను..."

"మీరు చెప్పాలి కదండీ టీచరు గారూ," అంది టైలరక్క. మాట పూర్తయ్యేలోపే రెండు చేతుల్తో నోరు మూసుకుంది.

"ఎవరు చెప్పారో తేల్చమన్నారు," అంది డిటెక్టివ్. "ముగ్గురిలో ఎవరూ చెప్పలేదు."

నర్సమ్మ లేచింది. ఎప్పుడూ కరుగ్గా ఉండే ఆ మొహం ఒక్కసారిగా ముసలిదైపోయింది. "మాలో ఒకరి పేరు చెప్పి ఉంటే బాగుండేదమ్మా," అంది. "దాన్ని తిట్టుకుంటూ మిగతా ఇద్దరం బతికేవాళ్ళం."

ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు మెట్లు దిగారు. వీధిలో మూడు వైపులకీ విడిపోయారు.

*

సంఘం ఆ తర్వాత తెరుచుకోలేదు. ఎవరూ మూసేద్దామని తీర్మానం చేయలేదు. ఎవరో ఒకరు వెళ్ళి తెరుస్తారని అందరూ అనుకున్నారు, ఎవరూ వెళ్ళలేదు.

నెల తిరిగాక మరిది ఏదో పని మీద ఆ వీధిన వెళ్తుంటే, ఇస్త్రీ షాపు ముందు ఒకావిడ నిలబడి ఉంది. చంకలో పిల్ల, చేతిలో మూట. పెదవి చిట్లి ఉంది.

"పైన ఆడవాళ్ళ సంఘం ఉందన్నారు," అంటోంది.

"ఉండేదమ్మా. ఇప్పుడు రావడం లేదు వాళ్ళు."

"మళ్ళీ ఎప్పుడు తెరుస్తారు?"

"ఏమో తల్లీ. నాకేం చెప్పారు గనక?"

ఆవిడ మెట్ల వైపు ఒకసారి చూసి, పిల్లని రెండో చంకలోకి మార్చుకుని, వచ్చిన దారినే నడిచింది. ఏం అడగాలో తోచక మరిది కొంతదూరం వెనకే వెళ్ళాడు. ఆవిడ బస్సు ఎక్కబోతుండగా పరుగెత్తి, "అమ్మా, ఎక్కడికి వెళ్తున్నారు?" అన్నాడు.

ఆవిడ అతన్ని అనుమానంగా చూసింది. "ఇంకెక్కడికి? ఇంటికే," అని లోపలికి వెళ్ళిపోయింది.

అతను ఆఫీసుకి వచ్చి ఒక్క ఊపిరిలో చెప్పాడు. వదిన అప్పటికే లేచి, సంచి భుజాన వేసుకుంది.

"ఏ బస్సురా?"

మరిది నోరు తెరిచాడు. బస్సు రంగు గుర్తుంది. ఆవిడ పెదవి గుర్తుంది. నంబరు చూడలేదు.