కళ్ళజోడు అక్కర్లేని పని

పొద్దున్న ఆరున్నరకి ఆ ఇంట్లో మూడు పనులు ఒకేసారి మొదలవుతాయి. పొయ్యి మీద టీ నీళ్ళు కాగుతాయి. తండ్రికి ఉన్నట్టుండి ఏదో ఒక మరమ్మతు గుర్తుకొస్తుంది. తల్లి భోజనాల బల్ల మీద తెల్ల తువ్వాలు పరిచి, పక్కన జెల్ ట్యూబు పెట్టి, కళ్ళజోడు పెట్టుకుంటుంది.

"రా అమ్మా," అంది ఆ బుధవారం కూడా.

కూతురు జుట్టు ముడేసుకుంటూ వచ్చి కూర్చుంది. ఎడమ చేతి చొక్కా మోచేయి పైదాకా మడిచి, చేతిని తువ్వాలు మీద చాపింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. మణికట్టు దగ్గర్నుంచి మోచేతి దాకా మచ్చలు. కొన్ని తెల్లబడ్డాయి, కొన్ని ఇంకా ఉబ్బెత్తుగా గులాబి రంగులో ఉన్నాయి. తన చేతిని తనే గాయపరుచుకున్న రోజుల గుర్తులవి. ఆ రోజులు గడిచి రెండేళ్ళయింది. ఇప్పుడు నెలకోసారి కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళొస్తుంది. కడుపునిండా తింటుంది, నిద్రపోతుంది, తండ్రిని ఆటపట్టిస్తుంది. "ఉబ్బు తగ్గుతుంది, పలచబడతాయి. పూర్తిగా మాత్రం పోవు," అని చర్మం డాక్టరమ్మ మొదటిరోజే చెప్పింది. రోజుకి రెండుసార్లు జెల్, ఎండ తగలకుండా క్రీము, మూడు నాలుగు విడతలు లేజరు.

"స్నానాలగది కుళాయి కారుతున్నట్టుంది," అంటూ తండ్రి పటకారు అందుకున్నాడు. ఆయన లిఫ్టు మెకానిక్.

"నిన్ననే కదా నాన్నా బాగుచేశావు?"

"నిన్నది వంటింటి కుళాయే పిచ్చుకా."

"మన కుళాయిలన్నీ సరిగ్గా ఆరున్నరకే పాడవుతాయేం?"

ఆయన అప్పటికే లోపలికి వెళ్ళిపోయాడు. తల్లి వేలికొసన జెల్ తీసుకుని మణికట్టు దగ్గర మొదలుపెట్టింది. ఒక్కో మచ్చ దగ్గరా ఆగి, వంగి, చేతిని కిటికీ వెలుతురుకేసి కాస్త తిప్పి, మళ్ళీ ముందుకు కదిలింది. మోచేతి మడతలోకి చూసింది. తర్వాత ఎప్పటిలాగే అంది, "ఆ చెయ్యి కూడా ఇటివ్వు. పొడిబారినట్టుంది."

కుడి చేతి మీద ఒక్క మచ్చ కూడా లేదు. కూతురు ఆ చెయ్యీ ఇచ్చింది.

"అమ్మా, సోమవారం నుంచి నేనే రాసుకుంటాను. ఆరింటికల్లా పనిలో ఉండాలి. బేకరీలో ఉద్యోగం వచ్చింది."

తల్లి వేలు ఆగిపోయింది. "బేకరీయా? ఏం పని?"

"పిండి కలపడం, రొట్టెలు చుట్టడం. నేర్పిస్తారట."

"బట్టలు?"

కూతురు నవ్వింది. "ఉద్యోగం వచ్చిందంటే బట్టలేంటని అడిగేదానివి నువ్వొక్కదానివే. పొట్టిచేతుల చొక్కా. పిండి ముట్టుకునే వాళ్ళు మోచేతుల దాకా కడుక్కోవాలి."

"లేజరు అయ్యాక చేరకూడదూ? నాలుగు నెలలేగా! లేకపోతే పైన రాసుకునే క్రీములుంటాయిట, చర్మం రంగులో కలిసిపోయేవి..."

"అది పిండిలో కలిసిపోతుంది. రొట్టెతో పాటు నన్నూ ముక్కలు కోసి అమ్మేస్తారు."

ఆ మాటకి తల్లి నవ్వలేకపోయింది. ట్యూబు మూత రెండుసార్లు బిగించింది.

ఆమెది బట్టల ఫ్యాక్టరీలో తనిఖీ పని. పొద్దస్తమానం తెల్ల దీపం కింద బల్ల దగ్గర నిలబడి చొక్కాలు చూస్తుంది. కాలరు, గుండీ కాజాలు, చంకల కుట్టు. చేతిని తిరగేసి లోపలి వైపు చూస్తుంది. తప్పిన కుట్టు కనబడితే దాని మీద బాణం గుర్తున్న చిన్న ఎర్ర స్టిక్కరు అంటించి పక్కన పడేస్తుంది. పందొమ్మిదేళ్ళుగా చేస్తోంది. తోటివాళ్ళు ఆమెని డేగకన్ను అంటారు. ఆ పేరంటే ఆమెకి లోలోపల గర్వంగా ఉండేది, రెండేళ్ళ కిందటి దాకా. అంత కన్నూ ఉండి, అదే ఇంట్లో, అదే బల్ల దగ్గర, నెలల తరబడి పొడుగుచేతుల చొక్కాలు వేసుకు తిరిగిన పిల్లని చూడలేదు. అప్పటినుంచి ఆ కన్ను నిద్రలో కూడా సరిగ్గా మూతపడటం లేదు.

గురువారం ఆమె చేతిలోంచి ఒక చొక్కా తప్పించుకుపోయింది. జేబు వంకరగా ఉంది.

"ఏమ్మా, డేగకి కంట్లో నలుసు పడిందా?" సూపర్‌వైజరు ఆ చొక్కా ఊపుతూ వచ్చాడు.

"పడింది," అంది నిజంగానే కళ్ళు నులుముకుంటూ.

ఆమెకి ఒకటే కనిపిస్తోంది. పొడుగాటి బల్ల, దాని చుట్టూ కొత్త మనుషులు, వాళ్ళందరి చూపులూ ఒక్క చేతి మీద. ఎవరో ఒకరు అడుగుతారు. ఎవరో నవ్వుతారు. పిల్ల ఇంటికొచ్చి మాట్లాడకుండా గదిలోకి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత? అక్కడినుంచి ఆలోచన సాగదు. మళ్ళీ మొదటికొచ్చి బల్ల దగ్గర నిలబడుతుంది.

మధ్యాహ్నం భోజనాల వేళ మెట్ల కింద నిలబడి బేకరీకి ఫోన్ చేసింది. ఆఫీసు గుమాస్తా ఎత్తాడు.

"సోమవారం చేరే అమ్మాయి తల్లినండీ. పొడుగుచేతుల చొక్కా వేసుకోనిస్తారా అని..."

"ఎందుకమ్మా?"

"అది... చర్మం కొంచెం ఇబ్బంది."

"చర్మమా? అంటుకునేదా?"

"అయ్యో, కాదండీ. అలర్జీ లాంటిది." అవతల కాగితం మీద కలం కదిలిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు ఎందుకో ఆమెకి నచ్చలేదు.

సాయంత్రం ఆమె ఇంట్లో అడుగుపెట్టేసరికి కూతురు బల్ల పక్కన నిలబడి ఉంది, చేతిలో ఫోన్‌తో.

"అమ్మా, నాకు చర్మరోగమా?"

తల్లి భుజాన సంచి భుజానే ఉండిపోయింది.

"బేకరీ వాళ్ళు ఫోన్ చేశారు. అంటువ్యాధి కాదని డాక్టరు రాసిస్తే తప్ప సోమవారం లోపలికి రానివ్వరట. 'మీ అమ్మగారే చెప్పారమ్మా' అన్నాడు ఆ గుమాస్తా, ఎంత మర్యాదగానో! ఎందుకు చేశావు?"

"నిన్నెవరూ ఏమీ అనకూడదని! చూసి ఊరుకుంటారనుకున్నావా జనం? ఒక్కొక్కళ్ళకీ ఏం చెప్తావు?"

"చెప్పేశాను."

"ఏం చెప్పావు?"

"ఇంటర్వ్యూ రోజు చొక్కా మడిచి చూపించాను. అక్కడ పని నేర్పే పెద్దావిడకి. దాచి చేరితే మళ్ళీ రోజూ దాచుకోవాలి కదా. ఆవిడ తన చేతులు చూపించింది. రెండు చేతులనిండా కాలిన మచ్చలు. పొయ్యి తలుపు తగిలినవట. 'నీవి మానాయా?' అంది. మానాయన్నాను. 'అయితే మోచేతుల దాకా కడుక్కుని రా' అంది. అంతే! దాన్ని నువ్వు రోగం చేశావు."

"నాకు చెప్పలేదేం మరి?"

"నువ్వు అడగలేదు."

"అడగడమేమిటి? రెండేళ్ళుగా పొద్దున్నా సాయంత్రం నీ ముందే కూర్చుంటున్నాను. ఒక్కపూట మానానా?"

"ఆ కళ్ళజోడు ఎందుకమ్మా?"

తల్లికి అర్థం కాలేదు. "ఏ కళ్ళజోడు?"

"జెల్ రాయడానికి కళ్ళజోడు ఎందుకు? ముఖానికి క్రీము రాసుకున్నప్పుడు పెట్టుకోవు. నాన్న నడుముకి మందు రాసినప్పుడు పెట్టుకోవు. నా చేతికే ఎందుకు? ఏ మచ్చా లేని ఈ కుడి చేతికెందుకు?"

తల్లి భుజాన సంచి పట్టీని గట్టిగా పట్టుకుంది.

"కొత్తది ఉందేమోనని చూస్తావు. మొదటివారమే నాకు తెలిసింది," అంది కూతురు. "అయినా ఇచ్చాను. ఇవ్వకపోతే నీకు నిద్ర పట్టదు కదా అని ఇచ్చాను. ఈ రెండేళ్ళూ నువ్వు నా చేతిని అడుగుతున్నావమ్మా, ఎలా ఉన్నావని. నన్ను ఒక్కసారన్నా అడిగావా?"

బల్ల మీద పొద్దుటి తువ్వాలు అలాగే ఉంది. తల్లి దానికేసే చూస్తూ కుర్చీలో కూలబడింది. సంచి జారి కింద పడింది.

"అడిగితే..." అంది. "అడిగితే బాగాలేనని అంటావేమోనని భయం. నువ్వు అబద్ధం చెప్తావేమోనని ఇంకా భయం. చెయ్యి అయితే అబద్ధం చెప్పదు కదా. అప్పుడు చూడలేకపోయానే తల్లీ. ఎదురుగా కూర్చుని అన్నం తింటున్న పిల్లని చూడలేకపోయాను. ఇంకోసారి అలా జరిగితే..." మిగతా మాట ఏడుపులో పోయింది.

గుమ్మంలో తండ్రి నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఇద్దరూ చూడలేదు. చేతిలో పటకారు.

"ఇవాళ ఏ కుళాయి నాన్నా?" అంది కూతురు కళ్ళు తుడుచుకుంటూ.

"ఏదీ లేదు." ఆయన పటకారు బల్ల మీద పెట్టి, ఇద్దరికీ మధ్య ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. "ఆవిడ చూస్తూ కూర్చుంది, నేను చూడకుండా తిరిగాను. ఇద్దరం కలిసి నిన్ను ఒంటరిని చేశాం." ఆమె ఎడమ చేతికేసి చూపిస్తూ, "చూడొచ్చా?" అని అడిగాడు.

కూతురు చొక్కా మడిచింది. ఆయన చూశాడు. ఎక్కువసేపు చూడలేకపోయాడు కాని లేచి వెళ్ళలేదు.

మర్నాడు తల్లీకూతుళ్ళు కాగితం కోసం చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. ఆవిడ చేతిని వేళ్ళతో తడిమి చూసి, రాయడం మొదలుపెట్టింది.

"ఇంకో రెండు విడతలు పెంచితే ఏమన్నా పోతాయాండీ?" తల్లి ఆగలేక అడిగింది.

డాక్టరమ్మ కలం ఆపి కూతురికేసి తిరిగింది. "నీకేం కావాలి?"

"ఉబ్బుగా ఉన్నవి తగ్గితే చాలండీ. చొక్కా రాసుకుంటే దురద పెడుతున్నాయి. రాత్రిళ్ళు మెలకువ వస్తుంది. తెల్లవి ఉన్నా నాకేం ఇబ్బంది లేదు."

తల్లి తలతిప్పి కూతురి ముఖంలోకి చూసింది. దురద. ప్రతి మచ్చ పొడుగూ, రంగూ, చోటూ ఆమెకి కంఠతా వచ్చు. చీకట్లో అడిగినా చెప్పగలదు. అవి దురద పెడతాయని మాత్రం ఇప్పుడే వింది.

బయటికొచ్చాక వరండాలో ఆగి, కళ్ళజోడు తీసి పెట్టుకుని, కాగితం చదివింది. 'గాయాలు పూర్తిగా మానినవి. అంటువ్యాధి లేదు. అన్ని పనులకూ తగును.' మూడుసార్లు చదివింది.

"ఏమన్నా తప్పుందా? ఎర్ర బాణం అంటిస్తావా?" అంది కూతురు.

"నోర్ముయ్," అంది తల్లి, కాగితాన్ని మడతపడకుండా సంచిలో పెడుతూ. రెండ్రోజుల తర్వాత ఆమె పెదవి మొదటిసారి కాస్త విచ్చుకుంది.

సోమవారం ఐదున్నరకి తండ్రి స్కూటరు మీద కూతుర్ని దింపడానికి తీసుకెళ్ళాడు. గేటు దాకా వచ్చిన తల్లికి చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఫ్యాక్టరీలో ఆ రోజు గడియారం కదల్లేదు. ఫోన్ చేద్దామని నాలుగుసార్లు మెట్ల కిందికి వెళ్ళి, నాలుగుసార్లూ తిరిగి వచ్చింది.

సాయంత్రం తలుపు తీసేసరికి కూతురు బల్ల దగ్గరే ఉంది. జుట్టులో పిండి, కళ్ళలో అలసట. తువ్వాలు తనే పరిచింది. జెల్ ట్యూబు పక్కన పెట్టి ఉంది.

"నువ్వే రాసుకుంటానన్నావుగా?" అంది తల్లి గుమ్మంలోనే ఆగి.

"పొద్దుట రాసుకున్నాను. భుజాలు పడిపోయాయి, ఇప్పుడు నువ్వు రాయి."

తల్లి చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. అలవాటుగా చెయ్యి సంచిలోకి వెళ్ళింది. కళ్ళజోడు పెట్టె వేళ్ళకి తగిలింది. ఒక క్షణం దాన్ని పట్టుకునే ఉంది. పెట్టెని అక్కడే వదిలేసి, చెయ్యి బయటికి తీసింది.

కళ్ళజోడు లేకపోతే దగ్గరివి ఆమెకి అలుక్కుపోయినట్టు ఉంటాయి. తువ్వాలు తెల్లగా, దాని మీద కూతురి చెయ్యి. అంతకంటే ఏమీ తెలియడం లేదు. జెల్ వేలిమీద తీసుకుంది, ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు.

"దురద ఎక్కడ?" అంది.

కూతురు తల్లి వేలు పట్టుకుని తీసుకెళ్ళి ఒకచోట పెట్టింది. "ఇక్కడ. ఇంకొంచెం పైన. ఆఁ, అక్కడ."

తల్లి అక్కడే మెల్లగా రుద్దుతూ, తల ఎత్తి, కొంచెం దూరంగా ఉండటం వల్ల స్పష్టంగా కనిపిస్తున్న కూతురి ముఖాన్ని చూసింది.

"ఎలా ఉన్నావమ్మా?"

కూతురు రెండో చేత్తో జుట్టులోని పిండి దులుపుకుంది. తల్లి తొందరపెట్టలేదు.

"పొద్దున్న గేటు దగ్గర చాలా భయమేసింది," అంది కూతురు. "లోపలికి పోకుండా వెనక్కి వచ్చేద్దామనుకున్నాను. నాన్న కూడా స్కూటరు తిప్పకుండా అక్కడే నిలబడ్డాడు. ఒకమ్మాయి చెయ్యి చూసి అడిగింది కూడా. పాత సంగతిలే అన్నాను. ఆ తర్వాత..."

"ఊఁ, ఆ తర్వాత?" అంది తల్లి. ఆమె చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి తియ్యలేదు.