ఇంటిపేరుకు ముందుమాట

"అన్నా, ముప్ఫై కాపీలు. రెండు వైపులా. తొందరగా!"

ఉమైమా నాతో అన్న మొదటి మాట ఇదే. అరబ్బీ మాట్లాడే మా జెర్బా దీవిలో ఆడపిల్లలు ముక్కూమొహం తెలియనివాణ్ణి కూడా అన్నా అనే పిలుస్తారు. అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. అయినా తలెత్తి ఆ పిల్ల ముఖం చూశాక ఆ పిలుపు నాకు గొంతులో చేపముల్లులా గుచ్చుకుంది.

బయట వాన. గుబురు జుట్టు నిండా నీటిబొట్లు. మనిషి నాలాగే కారునలుపు. చంకలో ఉన్న కాగితాల కట్టకు మాత్రం ప్లాస్టిక్ కవరు తొడిగింది. తను తడిసినా పర్వాలేదు గానీ కాగితం తడవకూడదన్నమాట.

మొదటి కాగితం మిషన్ మీద పెట్టబోతూ పైనున్న పెద్ద అక్షరాలు చదివాను. 'మా పేర్లలోంచి అతీగ్ అనే మాట తీసేయండి.' చప్పున కాగితాన్ని బోర్లా తిప్పేశాను.

"ఏంటన్నా, కాగితం కరిచిందా?"

"కాస్త మెల్లగా మాట్లాడండి. ఈ కొట్టు బెన్ దర్వాష్ వాళ్లది. పక్క గోడ అవతల వాళ్ల పెద్దాయన కూర్చుంటాడు."

"ఓహో. నీ పేరేంటి?"

"నౌఫల్."

"పూర్తి పేరు?"

"నౌఫల్ ఎ. బెన్ దర్వాష్."

"ఎ అంటే? అలీయా? అహ్మదా?"

నేను మిషన్‌లో లేని దుమ్ము తుడవడం మొదలుపెట్టాను. ఆ పిల్ల పకపకా నవ్వింది.

"ఇంత ఒడ్డూపొడుగూ మనిషివి, ఒక్క అక్షరం వెనక ఎలా పట్టావన్నా? నా పేరు ఉమైమా అతీగ్ బెన్ దర్వాష్. నీ ఎ ఏదో నా ఎ అదే."

అతీగ్ అంటే ఫలానా వాళ్లు వదిలిపెట్టిన బానిస అని అర్థం. మా దేశంలో బానిసత్వం పోయి నూటడెబ్బై ఏళ్లు దాటింది. మాట మాత్రం మా జనన పత్రాల్లో, బడి రిజిస్టర్లలో, గుర్తింపు కార్డుల్లో ఇంటిపేరుకు ముందు బైఠాయించి కూర్చుంది. మా ఇద్దరి ముత్తాతల తాతలూ బెన్ దర్వాష్ వాళ్ల చేతిలోనే ఉండేవాళ్లట, అందుకే మా ఇద్దరికీ ఒకే ఇంటిపేరు. రక్త సంబంధం మాత్రం లేదు. ఆ సంగతి ఆ రోజే మా అమ్మ జోహ్రాని మూడుసార్లు అడిగి మరీ తేల్చుకున్నాను. ఎందుకు అడుగుతున్నావని ఆవిడ నాలుగోసారి నన్ను అడిగింది.

ఆ తర్వాత ఉమైమా రెండు రోజులకోసారి వచ్చేది. ఊళ్లో ఓ జుట్టు కత్తిరించే దుకాణం వెనక గదిలో శనివారాలు పదకొండు మంది కుర్రకారు కూడేవాళ్లు. అందరివీ అతీగ్ పేర్లే. అందరూ కలిసి మా దీవికి ఎదురుగా, సముద్రం అవతలి ఒడ్డున ఉన్న కోర్టులో దరఖాస్తు పెట్టాలని వాళ్ల ప్రయత్నం.

"పన్నెండో మనిషి కావాలి," అంది ఒక రోజు, బల్ల మీద మోచేతులు ఆనించి.

"డజను లెక్క కోసమా?"

"నీ కోసం. నువ్వా మాటని జేబులో దాచుకుని తిరుగుతుంటే నాకు జాలేస్తోంది."

"సంతకం పెడితే కొట్టు ఖాళీ చేయమంటారు. అమ్మ అన్నం మానేస్తుంది."

"నీకు భయం అన్నా."

"అవును, భయమే. నన్ను అన్నా అనకు."

"మరేమనాలి?"

దానికి నా దగ్గర జవాబు ఉంది. కానీ దాన్ని బయటపెట్టాలంటే సంతకం కంటే ఎక్కువ ధైర్యం కావాలి. అందుకని కాగితాలకి పిన్ను కొట్టి ఇచ్చేశాను.

ఇంతలో ఆ చలికాలం టీవీలో నల్లవాళ్ల గురించి ఏవేవో మాటలు మొదలయ్యాయి. ఎడారికి దక్షిణాన ఉన్న దేశాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లంతా మన దేశాన్ని కబ్జా చేసేస్తున్నారట. వారం తిరక్కుండా వాళ్లని ఇళ్లలోంచి వెళ్లగొట్టడం, రోడ్ల మీద ఆపి బస్సులెక్కించడం మొదలైంది. ఆ బస్సులు ఎడారిలో సరిహద్దు దాకా పోయి ఖాళీగా తిరిగొస్తాయని చెప్పుకునేవాళ్లు. ఆపేవాళ్లు నువ్వెక్కడివాడివని అడగరు. వాళ్లు చూసేది ఒంటి రంగే. తరతరాలుగా ఈ ఉప్పునీటి గాలే పీల్చిన మేమూ మా వీధిలోనే అటూ ఇటూ చూసుకుని నడిచేవాళ్లం.

అమ్మ నాకు నియమాలు పెట్టింది. కార్డు లేకుండా గడప దాటకూడదు. బయట ఫోన్ చెవికి పెట్టుకుని, అవతల ఎవరూ లేకపోయినా సరే, మన దీవి యాసలో గట్టిగా మాట్లాడుతూ నడవాలి. వినేవాళ్లకి మనం ఇక్కడివాళ్లమని తెలియాలి. నవ్వులాటగా ఉంటుంది గానీ నేను అలాగే నడిచేవాణ్ణి. లేని మామయ్యతో లేని గొర్రెల గురించి బేరాలాడేవాణ్ణి.

దరఖాస్తు పెట్టే గురువారం రానే వచ్చింది. పొద్దున ఎనిమిదింటికి మళ్లీ వాన. ఉమైమా పరిగెత్తుకుంటూ వచ్చి దరఖాస్తుకీ తన గుర్తింపు కార్డుకీ ఆఖరి కాపీలు తీయించుకుంది. మిగతా పదిమందీ ముందు రోజే అవతలి ఒడ్డుకి వెళ్లి చుట్టాల ఇళ్లలో ఉన్నారు. ఈవిడ ఒక్కతే ఫైలుతో వెళ్లాలి.

"కార్డు పెట్టుకున్నావా?" అన్నాను.

"మా అమ్మలా మాట్లాడకు. వస్తానన్నా!"

తొమ్మిదింటికి ఇంకెవరో వచ్చి కాపీ అడిగితే మిషన్ మూత ఎత్తాను. అద్దం మీద ఉమైమా కార్డు బోర్లా పడి ఉంది.

జిరాక్స్ కొట్టువాడికి ఇది కొత్త కాదు. వారానికి ఇద్దరైనా కార్డు అద్దం మీదే మర్చిపోతారు, సాయంత్రం నాలుక కరుచుకుంటూ వస్తారు. ఆ రోజు మాత్రం సాయంత్రం దాకా ఆగే వీల్లేదు. మూత వేసింది నేనే. చూడకుండా వేసింది నేనే.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. మూడోసారికి గుసగుసగా గొంతు వినిపించింది.

"నౌఫల్, రేవు దగ్గర ఆపేశారు. కార్డు కనపడట్లేదు. ఇక్కడ బస్సుంది..."

లైన్ తెగిపోయింది. ఆ పిల్ల గొంతులో భయం వినడం నాకదే మొదటిసారి. కొట్టుకి తాళం కూడా వేయకుండా మోపెడ్ ఎక్కాను.

రేవు దాకా అరగంట. దారి పొడవునా ఒకటే ఆలోచన. కార్డు ఇవ్వడానికి పోతున్నవాడి రంగు కూడా అదే కదా, అక్కడికి వెళ్తే వరసలో ఇంకొకణ్ణి అవుతాను. రెండుసార్లు బండి నెమ్మది చేశాను. అది ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు. కానీ చెప్పాలిగా.

రేవులో బండ్లనీ మనుషుల్నీ దాటించే పంటు కోసం పెద్ద క్యూ ఉంది. పక్కన తెల్ల బస్సు, ఇంజన్ ఆపలేదు. గోడ వారన తడి నేల మీద ఎనిమిది మంది కూర్చుని ఉన్నారు. ఒకామె ఒళ్లో పసిబిడ్డ. చివర ఉమైమా, ఒక్కతే నిలబడి, ఫైలు గుండెకి అదుముకుని. నేను ఫోన్ చెవికి పెట్టుకుని, "ఆఁ మామయ్యా, చేపలు బాగున్నాయి, నువ్వు రాకు, నేనే తెస్తాలే," అని అరుచుకుంటూ నడిచాను. నా గొంతు నాకే మేకపిల్ల గొంతులా వినపడింది.

"ఏయ్, నువ్వు! ఆ వరసలోకి నడువు," అన్నాడు టోపీ పెట్టుకున్న గార్డు. మాట తీరు మా దీవిది కాదు, దేశంలో ఉత్తరం వైపుది.

"సార్, నేను ఇక్కడివాణ్ణే. ఆ అమ్మాయి కార్డు తెచ్చాను. ఇదిగో, ఇది నాది."

రెండు కార్డులూ చెరో చేత్తో పట్టుకుని చూశాడు. "ఈ ఫొటో ఆమెదేనా? ఇందులో జుట్టు సాపుగా ఉంది."

"అప్పుడు పద్దెనిమిదేళ్లు. జుట్టుని ఇస్త్రీ చేయించుకునేదాన్ని," అంది ఉమైమా. "ఇప్పుడు నా జుట్టు నాకు నచ్చింది."

"నిన్నడగలేదు." నా వైపు తిరిగాడు. "ఇద్దరికీ ఒకే ఇంటిపేరు. నీ చెల్లెలా?"

ఇక్కడే నేను పెద్ద పొరపాటు చేశాను. అవునంటే వదిలేస్తాడేమోనన్న ఆశతో తల ఊపేశాను. ఉమైమా కళ్లు మూసుకుంది.

గార్డు కార్డులు మళ్లీ చదివాడు. మా కార్డుల మీద తండ్రి పేరు, తాత పేరు కూడా ఉంటాయి. "నీ తండ్రి సాలిం, ఆమె తండ్రి ఖమీస్. నీ తాత బర్కా, ఆమె తాత ఫరజ్. ఎవరి చెవిలో పూలు పెడదామని? నువ్వేం పని చేస్తావు?"

"జిరాక్స్ కొట్టు, సార్."

ఆ జవాబు నా నోట్లోంచి వచ్చాక గానీ అదెలా వినిపిస్తుందో నాకు తట్టలేదు.

"బాగుంది. కార్డులు అచ్చేసేది నువ్వేనన్నమాట. ఇద్దర్నీ ఎక్కించండి!"

ఇంకో గార్డు వచ్చి నా రెక్క పట్టుకున్నాడు. బస్సు మెట్టు కనపడింది. ఇన్నేళ్లు దాచిన మాట అరుపులా బయటికొచ్చేసింది.

"సార్, అబద్ధం చెప్పాను! ఆమె నా చెల్లెలు కాదు. ఇంటిపేరుకు ముందు ఏముందో చదవండి. అతీగ్. అతీగ్ అంటే మా తాత పేరు కాదు సార్. బెన్ దర్వాష్ వాళ్లు వదిలేసిన బానిస అని. మా ముత్తాత తాతని వాళ్లు కొన్నారు. ఆమె ముత్తాత తాతనీ వాళ్లే కొన్నారు. అందుకే ఒకే పేరు. ఈ మాట కొట్టేయించుకోవడానికే ఆమె కోర్టుకి పోతోంది. ఫైలు తెరిచి చూడండి!"

క్యూ అంతా మా వైపు తిరిగింది. అందులో మా వీధివాళ్లు ముగ్గురున్నారు. సిగ్గుతో చచ్చిపోతాననుకున్నాను గానీ చావలేదు.

గార్డు టోపీ వెనక్కి నెట్టుకున్నాడు. "మరి ఈమె నీకేమవుతుంది?"

"ఇప్పటికి ఏమీ అవదు సార్. అవ్వాలని మూడు వారాల నుంచి నాకుంది. చెప్పడానికి భయపడి చచ్చాను. తనేమో అన్నా అంటుంది."

క్యూలో ఎవరో కిసుక్కుమన్నారు. ఉమైమా కళ్లు తెరిచి నన్ను చూసింది. ఆ చూపుకి అర్థమేంటో వెతుక్కునే స్థితిలో నేను లేను.

"అబద్ధాలాడేవాడు తాతల్ని బానిసలని చెప్పుకోడు," అని గొణిగి, గార్డు వైర్‌లెస్‌లో మా నంబర్లు చదివాడు. జవాబు రావడానికి అయిదు నిమిషాలు పట్టింది. ఆ అయిదు నిమిషాల్లో ఎడారి అంతా చూసేశాను. ఆఖరికి కార్డులు నా చేతిలో పెట్టి, "వెళ్లండి," అన్నాడు.

ఉమైమా కదల్లేదు. "మరి వీళ్లు?"

"నీ సంగతి చూసుకో."

ఆమె గోడ దగ్గర వంగి, దరఖాస్తు కాపీ వెనకవైపు గబగబా వాళ్ల పేర్లు రాసుకుంది. పసిబిడ్డ పేరు కూడా. గార్డు అరిచేలోపు ఎనిమిదీ ఒకటీ తొమ్మిది పేర్లు పూర్తయ్యాయి.

మోపెడ్‌ని రేవులోనే వదిలేసి నేనూ ఆమెతో పంటు ఎక్కాను. అది కదులుతుండగానే బస్సూ కదిలింది. ఉమైమా ఫోన్‌లో ఒక లాయరుకి తొమ్మిది పేర్లూ చెప్పింది, బస్సు నంబరుతో సహా. ఫోన్ పెట్టేశాక ఫైలు మీది వాన నీళ్లు తుడిచి, నా పక్కన కూర్చుంది.

"ఊరందరి ముందూ చెప్పావు," అంది. "నాకు మాత్రం చెప్పలేదు."

"విన్నావుగా."

"నేను వినడం వేరు, నువ్వు నాకు చెప్పడం వేరు. సరే, ఒక్క మాట విను నౌఫల్. పెళ్లయ్యాక నా పేరు నాకే ఉంటుంది. పిల్లలకి వచ్చేది మాత్రం తండ్రి ఇంటిపేరు. నా పేరులోంచి ఆ మాట పీకేయించుకుని, నా పిల్లలకి నీ దగ్గర్నుంచి తెచ్చి తగిలించనా?"

నేను అవతలి ఒడ్డు వైపు చూస్తూ లెక్కేసుకున్నాను. కొట్టు పోతుంది. అమ్మ ఏడుస్తుంది. తిరిగి ఇదే రేవులో దిగాలి. ఒక్క భయమూ తగ్గలేదు. కానీ ఆమె అడిగినదాంట్లో తప్పు ఒక్కటీ కనపడలేదు.

కోర్టులో పదిమందీ కాచుకుని ఉన్నారు. కళ్లద్దాల గుమస్తా ఒక్కో దరఖాస్తూ తీసుకుని ముద్ర వేస్తున్నాడు. ఖాళీ ఫారం ఒకటి ఇమ్మని అడిగాను. పేరు దగ్గర మొదటిసారి పూర్తిగా రాశాను, నౌఫల్ అతీగ్ బెన్ దర్వాష్ అని. కింద 'పేరు మార్పుకు కారణం' అని రెండు గీతలున్నాయి. ఉమైమా తన ఫారంలో అక్కడ చోటు చాలక, చట్టాల నంబర్లతో ఒకటిన్నర పేజీ జత చేసింది. నేను చాలాసేపు ఆలోచించి రెండు గీతల్లోనే రాసిచ్చాను.

గుమస్తా కళ్లద్దాలు సవరించుకుని, గదంతా వినేలా చదివాడు.

"'పెళ్లి చేసుకోవాలి. పుట్టబోయే పిల్లలకి ఈ మాట ఇవ్వలేను.'" తలెత్తి నన్ను చూశాడు. "అబ్బాయ్, ఇంతకీ అమ్మాయి ఒప్పుకుందా?"

వెనక నుంచి ఉమైమా గొంతు వినపడింది.

"ఒప్పుకుందని రాసుకోండి."